నున్నటి గీత

ఆ ఏడాది, పోటు బాగా లేచే పెద్దనీళ్ల కాలంలో మా స్టేషనుకు పరీక్ష పెట్టారు. స్టేషనంటే పెద్దదేమీ కాదు. రేవు చివర రెండు గదులు, పైకప్పు మీద గాలిని కొలిచే గిన్నెలు, కింద నీళ్లలోకి దిగిన ఇనుప గొట్టం. ఆ గొట్టంలో నీరు ఎంత లేచింది, ఎంత దిగింది అన్నది పైఆఫీసుకు వెళ్లాలి. దాన్ని పట్టుకుని వాళ్లు రేపు సముద్రం ఎలా ఉంటుందో చెబుతారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ నీటిని పగలల్లా గంటకోసారి కంటితో చదివి పుస్తకంలో రాసింది నేను. మిషను వచ్చాక చదివే పని పోయింది. తాళాలూ చీపురూ చేతికిచ్చి వాచ్‌మన్ అన్నారు.

సముద్రాన్ని కనిపెట్టే ఏర్పాట్లు, ముప్పును ముందుగా చెప్పే ఏర్పాట్లు ఎంతవరకు సిద్ధంగా ఉన్నాయో తీరం పొడుగునా చూసి మార్కులు వేస్తారట. ఆ కాగితం వచ్చిన రోజు మా ఆఫీసరు మొహం చదవకుండా పరీక్షకు వెళ్లే వాడి మొహంలా అయిపోయింది.

"పెద్దాయనా, గోడలకు సున్నం వేయించు. రెయిలింగుకు రంగు. ఎక్కడా బూజు కనపడకూడదు."

"గొట్టం బెజ్జం పూడిందయ్యా," అన్నాను.

"ఏ బెజ్జం?"

"అడుగున ఉంటుంది. నీరు లోపలికి వచ్చేది దాన్లోంచే. నెలకోసారి ఊచ పెట్టి పొడిచేవాణ్ని. మిషను పెట్టి సీలేశాక రెండేళ్లుగా ఎవరూ పొడవలేదు. గుల్లలు పట్టేశాయి."

ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. తెర మీద గీత లేస్తూ దిగుతూ పోతోంది. నూనె రాసి దువ్విన జుట్టులా ఉంది.

"ఎంత నున్నగా వస్తోందో చూడు. రెండేళ్లలో ఒక్క లెక్క తప్పిపోలేదు. పూడిన గొట్టం ఇలా ఇస్తుందా?"

"పూడితేనే ఇలా ఇస్తుందయ్యా. బెజ్జం సన్నబడితే బయట నిండేసరికి లోపల నిండదు. బయట దిగేసరికి లోపల దిగదు. అలల కుదుపు అసలే తెలియదు. అందుకే నున్నగా ఉంది."

అంత పొడుగు మాట నేను ఆ ఏడాదిలో అప్పటిదాకా మాట్లాడలేదు. ఆయన దాన్ని ఓపిగ్గా విన్నాడు. విని, "సీలు ముట్టుకుంటే గ్యారంటీ పోతుంది. కంపెనీ మనిషి వచ్చే ఏడాది వస్తాడు," అన్నాడు. తర్వాత కిటికీలోంచి కిందికి చూశాడు. గొట్టం పక్కన నీళ్లలో నా పాత కొలబద్ద నిలబడి ఉంది. నల్లగీతలు, అంకెలు ఉన్న పొడుగాటి చెక్క.

"అది కూడా పీకెయ్. మిషను ఒకటి చెప్పి చెక్క ఇంకొకటి చెబితే వచ్చినాయనకు లేనిపోని అనుమానం."

పీకాను. ఈ కథలో నేను చేసిన చెయ్యకూడని పనులు రెండున్నాయి. అందులో ఇది చిన్నది.

*

మా అమ్మాయి కూడా ఆ స్టేషనులోనే పనిచేసేది. నేను రాసిన పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం, రోజూ వచ్చే లెక్కలు పైకి పంపడం ఆమె పని. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. స్టేషనుకు మంచి మార్కులు వస్తే పర్మనెంటు చేస్తామని పైవాళ్లు కాగితం మీదే రాసిచ్చారు.

మేమిద్దరం ఉండేది కింద వీధిలో. రేవు గోడ వెనక అరవై ఇళ్లు, అన్నీ రోడ్డు కంటే పల్లంలో. నీటి కొలత రెండు మీటర్ల నలభై దాటితే స్టేషను సైరన్ దానంతటదే మోగుతుంది. అప్పుడు మంచాలూ సామాన్లూ పైకి ఎత్తుకోవాలి, నడవలేని వాళ్లను బడి మేడ మీదకు చేర్చాలి. రెండున్నర దాటితే నీరు వీధిలోకి వస్తుంది.

ఆ రోజు భోజనాల దగ్గర, "ఆఫీసరుతో వాదించావట," అంది.

"వాదించలేదు. చెప్పాను."

"పరీక్ష అయ్యేదాకా ఏమీ చెప్పకు నాన్నా. దణ్ణం పెడతాను."

"సైరన్ మోగదే అమ్మా. నీళ్లు రెండు నలభై దాటినా మిషను దాటదు."

"నీ కంటికి తప్ప లోకంలో దేనికీ కొలత తెలియదు!" కంచం పక్కకు జరిపింది. "వేరే దేనికీ నోరు పెగలదు. నీళ్ల సంగతైతే మాత్రం మాటలొస్తాయి. అమ్మ పోయిన రోజు కూడా నీళ్లే చదువుతూ కూర్చున్నావు కదా."

నేను కంచం కడుక్కోవడానికి లేచాను.

ఆ మాట ఆమె అనడం అది రెండోసారి. వాళ్లమ్మకు జబ్బు ముదిరినప్పుడు అమ్మాయికి తొమ్మిదేళ్లు. పక్క ఊళ్లో మా అక్క ఇంట్లో ఉంచాం. నాన్న ఏడని ఏడిస్తే, పనిలో ఉన్నాడని చెప్పి అక్క ఊరుకోబెట్టింది. అక్క కూడా పోయింది. ఉద్యోగంలో చేరాక మా అమ్మాయి పాత పుస్తకాలు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆ ఏడాది పుస్తకానికి వచ్చింది. తల్లి పోయిన తారీఖున పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నా చేతిరాతతో పదమూడు కొలతలున్నాయి. ఒక్కటీ తప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట మొదటిసారి అంది. అప్పుడూ నేను ఏదో పని పెట్టుకుని లేచాను.

*

అమావాస్య నాడు పోటు నిండే వేళకు రేవు మెట్ల మీద కూర్చున్నాను. పక్కన గ్రీజు కూర్చున్నాడు. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, చేతులెప్పుడూ నల్లగా ఉంటాయి. అసలు పేరు అతనికే గుర్తుండదు.

ఆ మెట్లు నాకు కొలబద్దతో సమానం. పదకొండో మెట్టు అంచు రెండు నలభై. నీరు నిలిచాక చూస్తే దానికి నాలుగు వేళ్ల కింద ఉంది. అంటే రెండు ముప్పై పైమాటే. సుద్దముక్కతో గీత గీశాను.

"ఉండన్నా, లోపల ఏం చెబుతోందో కనుక్కొస్తా," అని గ్రీజు వెళ్లి కిటికీలోంచి తొంగి చూసి వచ్చాడు. "రెండు సున్నా అయిదట. మీ మిషను పళ్లు బిగించుకుని కూర్చుంది. మీ ఆఫీసరు దానికి గుడ్డ పెట్టి తుడుస్తున్నాడు."

జానెడు పైన తేడా. లోపలికి వెళ్లి చెప్పాను. ఆఫీసరు గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు.

"మెట్లకు సర్టిఫికెట్ ఉందా పెద్దాయనా?"

"మెట్లకు సర్టిఫికెట్ ఏంటయ్యా?"

"మిషనుకు ఉంది." గోడ మీద అద్దం కట్టించిన కాగితం చూపించాడు. దాని అద్దం కూడా తుడిచాడు.

మా అమ్మాయి తన బల్ల దగ్గర తల ఎత్తలేదు. పున్నమికి ఇంకా పదిహేను రోజులుంది. ఆ కాలంలో పున్నమి నీరు అమావాస్య నీటి కంటే ఎక్కువ. తోడుగా గాలి కూడా లేస్తే ఇక చెప్పక్కర్లేదు. గ్రీజు కింద వీధిలో ఇల్లిల్లూ తిరిగి, మంచాలు ఎత్తుకోండని చెప్పాడు. "స్టేషను చెప్పిందా, నువ్వు చెబుతున్నావా?" అని అడిగారట. "నేనే," అని గ్రీజు అంటే నవ్వారట.

*

పరీక్షకు వచ్చినాయనను మేం మార్కులాయన అనుకునేవాళ్లం. బక్కపల్చటి మనిషి. దొరతనం లేదు. నీళ్ల బాటిలు తనే తెచ్చుకున్నాడు. చేతిలో ఇరవై పేజీల ఫారం ఉంది. సైరన్ మోగించి చూశాడు, మోగింది. బ్యాటరీలు చూశాడు, నిండుగా ఉన్నాయి. ఫోన్ నంబర్ల పట్టిక గోడ మీద ఉందా అని చూశాడు. ఉంది, రంగుల్లో ఉంది. మిషను గీత ముందు చాలాసేపు నిలబడి, "తీరం మొత్తంలో ఇంత శుభ్రమైన గీత చూడలేదు," అన్నాడు. ఆఫీసరు ఒక అంగుళం పెరిగాడు.

తర్వాత బీరువా తెరిపించి నా పుస్తకాలు చూశాడు. ఒక్కొక్కటే తీసి, పేజీలు మెల్లగా తిప్పాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్క గడి ఖాళీ లేదు. ఎవరు రాశారివి?"

ఆఫీసరు నన్ను భుజం పట్టి ముందుకు తోశాడు. మార్కులాయన లేచి నాకు చెయ్యిచ్చాడు. నా చేతిలో చీపురుంది, దాన్ని చంకలో పెట్టుకుని చెయ్యిచ్చాను.

"పాత పుస్తకమూ బాగుంది, కొత్త గీతా బాగుంది."

"కొత్త గీత బాగోలేదయ్యా," అన్నాను.

ఆఫీసరు దగ్గాడు. "పెద్దాయనకు మిషనంటే గిట్టదు సార్. పాత మనిషి."

"బాగోలేదని ఎలా చెబుతున్నారు?" అని మార్కులాయన నన్నే అడిగాడు.

బెజ్జం సంగతి చెప్పాను. మెట్ల సంగతి చెప్పాను. ఆయన విన్నాడు గానీ, ఆయన కళ్లు తెర మీదకే పోతున్నాయి. అంత అందమైన గీతను ఎవరు మాత్రం వదులుకుంటారు? మా అమ్మాయి ఫైళ్లు పట్టుకుని బీరువా పక్కన నిలబడి ఉంది. వద్దు నాన్నా అన్నట్టు చూసింది.

బీరువా దగ్గరకు వెళ్లాను. వెతుక్కోనక్కర్లేదు, పై అర నుంచి నాలుగో పుస్తకం. పేజీ తీసి ఆయన ముందు పెట్టాను.

"ఇది చూడండయ్యా. తర్వాత ఈ పక్క పేజీ చూడండి."

ఆయన వేలు పెట్టి చదివాడు. మొదటి పేజీలో అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకటి ముప్పై ఒకటి, ఒకటి ముప్పై ఎనిమిది, మళ్లీ వెనక్కి ఒకటి ముప్పై ఆరు. పక్క పేజీ నుంచి అంకెలు మెట్లు దిగినట్టు, ఎక్కినట్టు, వరసలో ఉన్నాయి.

"ఆ పేజీ మొదలు పంతొమ్మిది రోజులు నేను చదవలేదు. కూర్చుని రాశాను. చంద్రుణ్ని చూసి అంచనా కట్టి రాశాను. దొంగలెక్క ఎప్పుడూ నున్నగా వస్తుందయ్యా. గాలి కొట్టిందని, పెద్ద పడవ పోయిందని అందులో ఎక్కడా ఉండదు. మీ మిషను గీతను చూస్తే నాకు నా రాతే కనపడుతోంది."

మార్కులాయన రెండు పేజీలూ మళ్లీ చూశాడు.

"ఆ రోజుల్లో మీరెక్కడున్నారు?"

"ఆసుపత్రిలో. ఈ అమ్మాయి తల్లి దగ్గర. పంతొమ్మిదో రోజున పోయింది. ఇరవయ్యో రోజు వచ్చి గడులు నింపాను."

"సెలవు పెట్టకపోయారా?"

"సెలవు పెడితే వేరే మనిషిని చూసుకుంటామన్నారు."

మా అమ్మాయి చేతిలో ఫైలు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. అందులో చూడాల్సిందేమీ లేదు, అది ఖాళీ ఫైలు.

మార్కులాయన కుర్చీలో కూర్చుని ఫారం తిప్పాడు. ఒక గడి దగ్గర ఆగాడు. "గత రికార్డు నమ్మదగినదేనా అని ఇక్కడుంది. విన్నాక దీన్ని నేను దాచలేను."

"దాచొద్దయ్యా. గొట్టం సంగతి?"

ఆయన ముందుకీ వెనక్కీ తిప్పాడు. నిజంగానే వెతికాడు, ఆ మాట చెప్పాలి. "లెక్కలు తప్పకుండా వస్తున్నాయా అని ఉంది. వస్తున్నాయి. సీలు చెక్కుచెదరకుండా ఉందా అని ఉంది. ఉంది."

"బెజ్జం?"

"బెజ్జానికి గడి లేదు పెద్దాయనా. చివర రిమార్కుల్లో రాస్తాను. మూడు నెలల్లో పైవాళ్లు చూస్తారు."

"పున్నమి నాలుగు రోజుల్లో ఉందయ్యా."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

నాకు అరవాలనిపించింది. అరవడం చేతకాదు. ఉన్న నిజమంతా బల్ల మీద పెడితే, నాకు తగలాల్సిన దెబ్బ తగిలింది, గొట్టానికి మాత్రం చీమ కుట్టినట్టయినా కాలేదు. ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చాను. ఆఫీసరు నన్ను దాటి పోతూ, "ఎంత పని చేశావు పెద్దాయనా, నోరు లేనివాడివి అనుకున్నాను," అన్నాడు. ఆయన బాధా నిజమే.

*

రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. కోపంతో మాట్లాడని రోజులు నాకు అలవాటే. ఇవి అలాంటివి కావు. అన్నం వడ్డించేది, నా వైపు చూసేది, ఏదో అడగబోయి మంచినీళ్ల చెంబు నా ముందుకు జరిపేది.

మూడో రోజు పొద్దున్నే స్టేషను తాళం తీస్తుంటే వెనక గ్రీజు గొంతు వినపడింది. "అన్నా, మీ అమ్మాయి యుద్ధానికి బయల్దేరింది, చూడు."

తిరిగి చూస్తే మా అమ్మాయి నా ఇనుప ఊచను భుజాన వేసుకుని వస్తోంది. మిషను వచ్చాక ఆ ఊచ మా పెరట్లో బట్టలారేసే తాడుకు ఊతంగా నిలబడి ఉంది. తాడు మీది బట్టలన్నీ ఎక్కడ పడేసి వచ్చిందో మరి.

"ఎంత లోతు దించాలి?" అంది.

"సీలు తెంపితే ఊరుకోరమ్మా."

"నేను తెంపానని పుస్తకంలో రాసి సంతకం పెడతాను. నువ్వు ముట్టుకోకు. ఎలాగో చెప్పు, చాలు."

గ్రీజు కటింగ్ ప్లేరు అందించాడు. సీలు తెగినప్పుడు చప్పుడు కూడా రాలేదు. మూత ఎత్తి, మిషను తలకాయను జాగ్రత్తగా పక్కన పెట్టి, ఊచ దించింది.

"అడుగు తగిలాక అర జానెడు పైకి లాగు. కుడికి తిప్పు. కొట్టకు, నెట్టి తోలు."

తోలింది. రాలేదు. మళ్లీ తోలింది. చేతులు ఎర్రబడ్డాయి. తీసుకోబోతే మోచేత్తో నన్ను నెట్టేసింది. వంగి పొడుస్తూనే, గొట్టంలోకి చూస్తూ అడిగింది.

"అమ్మ ఏమైనా అందా, అక్కడ?"

"నువ్వు అన్నం తిన్నావా అని అడిగేది."

"ఎవరు, నేనా?"

"నువ్వే. రోజూ అడిగేది."

ఊచను మళ్లీ గట్టిగా పట్టుకుంది. పొడుస్తూనే ఉంది. కాసేపటికి అడుగున ఏదో విరిగినట్టయింది. గొట్టం లోపల గుడగుడమని నీరు పైకి తన్నుకొచ్చింది, గుల్లల ముక్కలు తేలాయి. మిషను తలకాయ మళ్లీ బిగించి, గదిలోకి పరిగెత్తి తెర చూశాం. గీత నిట్టనిలువుగా జానెడు లేచింది. లేచి, అక్కడ వణకడం మొదలుపెట్టింది. రేవులోకి ఒక పడవ వస్తే అది కూడా గీతలో కనపడింది.

"అబ్బ, ఎంత వికారంగా ఉందో," అంది మా అమ్మాయి. ఆ మాట నవ్వుతూ అంది.

కొలబద్దను ఆ మధ్యాహ్నమే మళ్లీ పాతాను. ఆఫీసరు చూసి తల తిప్పుకున్నాడు. తెగిన సీలు ముక్కను మాత్రం కవరులో పెట్టి దాచాడు.

*

పున్నమి నాడు గాలి లేచింది. పగలు పదకొండుకు ఇంకా పది నిమిషాలుండగా సైరన్ మోగింది. కింద వీధిలో నవ్విన వాళ్లే మంచాలెత్తారు. నడవలేని ముసలివాళ్లను గ్రీజు తన బండి మీద బడి మేడ దగ్గరకు చేరవేశాడు. నీరు రెండు అరవై రెండు దాకా వచ్చింది. మా గుమ్మం దాటి పొయ్యి గట్టు అడుగు తడిపి, సాయంత్రానికి వెనక్కి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి, "మోకాలు తడవని నీళ్లకు ఇంత గోలా?" అని రెండు రోజులు మమ్మల్నే తిట్టుకున్నారు.

పది రోజులకు పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా స్టేషనుకు నూటికి అరవై ఎనిమిది. గత రికార్డు నమ్మదగినది కాదు. ఇటీవల గీతలో కుదుపులు కనపడుతున్నాయి, పరికరం చెడినట్టుంది. సీలు తెంచినవారు వివరణ ఇవ్వాలి. పర్మనెంటు చేసేవాళ్ల జాబితా వెనక జతచేశారు, అందులో మా అమ్మాయి పేరు లేదు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. "పరికరం చెడిందట," అని కాగితాన్ని బల్ల మీద విసిరింది. "రెండేళ్లు చచ్చి పడుంటే ఫస్టు మార్కులు! ఇప్పుడు ఊపిరి తీసుకుంటుంటే చెడిందట!"

కాగితం తీసి మళ్లీ ఆమె ముందు పెట్టాను. "జవాబు రాయి," అన్నాను.

"రాస్తాను. ముందు ఇంకోటి రాయాలి."

బీరువా తెరిచి పై అర నుంచి నాలుగో పుస్తకం తీసింది. ఎర్రపెన్నుతో ఆ పంతొమ్మిది రోజుల అంకెలను ఒక్కో రోజూ కొట్టేసింది. ప్రతి రోజుకూ చివర రిమార్కుల గడి ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఆ గడిని వాడలేదు. ఆమె అందులో రాసింది: "కొలత తీయలేదు. మనిషి ఆసుపత్రిలో భార్య దగ్గర ఉన్నాడు."

రెండో రోజుకు పైదే అని గుర్తు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. మళ్లీ మొత్తం రాసింది. పంతొమ్మిదిసార్లు రాసింది.

తర్వాత పుస్తకం నా వైపు తిప్పి పెన్ను ఇచ్చింది. "సంతకం పెట్టు నాన్నా. దిద్దుబాటు ఉన్న ప్రతిచోటా పెట్టాలి."

నేను మూడో తరగతి దాకా చదివినవాణ్ని. నా సంతకానికి టైము పడుతుంది. ఏడోదో ఎనిమిదోదో పెడుతుండగా పక్కన ఫోన్ మోగింది. పైఆఫీసు, గీత గురించే అయి ఉంటుంది. ఆగి, మళ్లీ మోగింది. నా సంతకాలు అయ్యేదాకా మా అమ్మాయి దాన్ని ఎత్తలేదు.